దాలమ్మ మధ్యాహ్నపు స్నానం

కాలేజీలో చదివేవాళ్లంటే నాకు ఒకప్పుడు గౌరవం ఉండేది. అరవై ఎనిమిది ఫిబ్రవరిలో నరసింగరావు అనే కుర్రాడు ఇసకపేట వచ్చి రెండు రోజులుండి వెళ్లాక ఆ గౌరవం కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. అయితే నేను చెప్పబోయేది వాడి కథ కాదు. వాడికంత సీను లేదు. చెప్పాల్సింది దాలమ్మ గురించి.

ఇసకపేట కళింగపట్నానికి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉంది. నూటపన్నెండు గడపలు, అన్నీ చేపలు పట్టేవాళ్లవే. అక్కడి బడికి నేను ఒక్కణ్ణే మేష్టర్ని. ఒక తాటాకు పాకలో బడి, దాని పక్క పాకలో నేనూ నా భార్య లక్ష్మీనరసమ్మా. రెండు పాకలూ కులపెద్ద సూరయ్యవి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను వెలగబెట్టిన నిర్వాకానికి మూలం అదే.

దాలమ్మకి అప్పటికి నలభై అయిదేళ్లు ఉంటాయి. పన్నెండో ఏట పెళ్లయింది, పద్నాలుగో ఏట నెత్తికి గంప ఎక్కింది. భర్త సోములు జ్వరంతో పోయి అప్పటికి నాలుగేళ్లు. పిల్లల్లేరు. ఆవిడ నోరంటే ఊరందరికీ హడలు. కేకలు వేసే నోరు కాదది. నెమ్మదిగా ఒక మాట అనేసి పోయేది, విన్నవాడికి రెండు రోజులు అన్నం సయించేది కాదు.

ఆ ఊళ్లో ఆడవాళ్ల బతుకు ఎలాంటిదో చెప్పాలి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొస్తాయి. కవళ్లో, కానాగంతలో, ఆ రోజు పడిన చేపల్ని గంపల్లోకి ఎత్తుకుని ఆడవాళ్లు లోపలి ఊళ్లకి పరుగు. నాలుగు కోసులు పోవాలి, నాలుగు కోసులు రావాలి. దారి పొడుగునా గంపలోంచి చేపల నీళ్లు కారుతూనే ఉంటాయి. జుట్టులోంచి మెడ మీదికి, మెడ మీంచి వీపు మీదికి. మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి ఒళ్లంతా పొలుసులు, నీచు కంపు. ఎవరికైనా ఆ క్షణాన కావలసింది రెండు చెంబుల నీళ్లు. కానీ పోసుకోవడానికి చాటు లేదు. మగాళ్లు పొద్దున్నే పడవలు దిగి, వలలు బాగుచేసుకునే నెపంతో రోజంతా ఇళ్ల మధ్యనే చతికిలబడి ఉంటారు. వాళ్లు మాత్రం గోచీలు కట్టుకుని పట్టపగలు నూతి దగ్గర గుమ్మరించుకుంటారు, వాళ్లకి సిగ్గూ లేదు, అడిగేవాడూ లేడు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆ కంపులోనే వండాలి, ఆ కంపులోనే పిల్లలకి పాలివ్వాలి. దీపాలు పెట్టాక ఇసకలో తవ్విన చెలమల దగ్గరికి గుంపుగా పోయి నీళ్లు పోసుకోవాలి.

పైగా మొగుళ్లు ఏమనేవారో తెలుసా? మధ్యాహ్నం అన్నం పెట్టడానికి దగ్గరికొస్తే, కంపు కొడుతున్నావు, దూరంగా పెట్టి పో అనేవారు. చేపలు పట్టింది తామే, అమ్మింది ఆవిడ, తింటున్నది ఆ అమ్మిన డబ్బుతో వచ్చిన తిండే. ఛీ, ఆ మాట ఎన్నిసార్లు నా చెవిన పడిందో.

నా భార్యది విజయనగరం. పుట్టింట్లో తలుపున్న స్నానాల గది ఉండేది. ఇసకపేటకి వచ్చాక వంటింటి మూల నీళ్లు పోసుకునేది. మట్టి నేల బురదయ్యేది, నేను విసుక్కునేవాణ్ణి. విసుక్కోవడం తప్ప ఒక్క తడిక కట్టించలేదు. పాక సూరయ్యది కదా, ఏమంటాడో అని భయం.

దాలమ్మకి ఆలోచన ఎలా వచ్చిందో ఆవిడే మా ఇంట్లో చెప్పింది. లోపలి ఊళ్లో ఒక భూస్వామి ఇంటికి ఆవిడ చాలాకాలంగా చేపలు వేసేది. ఒకరోజు ఆ ఇంటి ఇల్లాలు మిట్టమధ్యాహ్నం దొడ్లో సిమెంటు గదిలోంచి తడి జుట్టుతో బయటికొచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, కంపు భరించలేకపోతున్నాను, గుమ్మం అవతలే నిలబడమందట.

"ఆయమ్మ తప్పేటి నేదు అమ్మగారూ," అంది దాలమ్మ నా భార్యతో. "నాకు వాసనొస్తాదని ఆయమ్మకి ఇయ్యాల తెలిసింది. నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు."

వారం తిరక్కుండా ఆవిడ గది మొదలెట్టింది. సోములు పడవ కెరటాల్లో విరిగి, ఒడ్డున పడి పాడవుతోంది. మా వైపు పడవలకి మేకులుండవు, చెక్కలకి అంచుల వెంట బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుడతారు. దాలమ్మ ఆ తాళ్లు కోసి, చెక్కలు ఒక్కొక్కటీ ఇంటి వెనక్కి ఈడ్చుకొచ్చింది. నాలుగు సరుగుడు గుంజలు పాతి, చెక్కలు నిలువుగా నిలబెట్టి, పడవ కుట్టినట్టే కుట్టింది. తల మునిగేంత ఎత్తు. పైన కప్పు లేదు. లోపల నిలబడటానికి ఒక రాతిపలక. తలుపు బదులు గోనెపట్టా.

ఊళ్లో పెద్ద గొడవైంది. సూరయ్య నలుగురినీ వెంటేసుకుని వచ్చాడు. పడవంటే గంగమ్మతల్లి, చెప్పుకాలు పెట్టడానికే భయపడతామే, అలాంటి చెక్కల మధ్య ఆడది గుడ్డలిప్పి నీళ్లు పోసుకుంటుందా, ఊరికి అరిష్టం అని ఊగిపోయాడు. వెనకున్న నలుగురూ తలలూపారు. వాళ్లకి ఊపడం తప్ప తలలతో వేరే పని లేదు.

దాలమ్మ తాడు బిగిస్తూనే జవాబు చెప్పింది. "గంగమ్మ తల్లీ ఆడదే గదా మావా. ఆయమ్మకి అడ్డేటి?"

సూరయ్యా, ఆ నలుగురూ గొణుక్కుంటూ పోయారు.

మొదటి రోజు మధ్యాహ్నం దాలమ్మ ఒక్కతే నీళ్లు పోసుకుంది. మర్నాడు పక్కింటి కూర్మమ్మ అడిగింది. పదిరోజులు గడిచేసరికి, గంపలు దించి ముప్పై నలభై మంది ఆడవాళ్లు బిందెలతో దాలమ్మ ఇంటి వెనక వరసలో నిలబడుతున్నారు. బాలింతలకి ముందు, ముసలివాళ్లకి తర్వాత, మిగతావాళ్లు ఆ వెనక. ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి, పోసుకున్నాక రాతిపలక కడిగిపోవాలి. ఆ రెండే దాలమ్మ పెట్టిన నియమాలు. లక్ష్మీనరసమ్మ కూడా తువ్వాలు భుజానేసుకుని వరసలో నిలబడింది. ఆ ఊరు వచ్చిన మూడేళ్లలో ఆవిడ నవ్వుతూ ఇంటికి రావడం నేను చూసింది అప్పుడే. మధ్యాహ్నం పూట బడిలో ఎక్కాలు చెబుతుంటే అటునుంచి నీళ్ల చప్పుడూ, ఆడవాళ్ల కబుర్లూ వినిపించేవి. చాలా బాగుండేది.

అలా అయిదు నెలలు గడిచాక దిగాడు నరసింగరావు.

పెద్ద రైసుమిల్లు వాళ్లబ్బాయి. పట్నంలో బి.ఏ. ఆఖరి సంవత్సరం. పొందూరు ఖద్దరు లాల్చీ, నల్లకళ్లజోడు, చంకలో అట్టపెట్టె. పల్లె ఇళ్లలో స్నానపు గదుల గణాంకాలు సేకరించి వ్యాసం రాయాలట. అట్టపెట్టెలో సైక్లోస్టైలు కాగితాలు, ఇంటికొకటి. అందులో ఏడో ప్రశ్న: ఇంటికి స్నానపు గది కలదా? ఎదురుగా రెండు గళ్లు, కలదు, లేదు. అడుగున స్థానిక సాక్షి సంతకం. ఆ సాక్షి మరెవరో కాదు, నేనే. అక్షరమ్ముక్క వచ్చినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే కదా, ఎంత పొంగిపోయానో చెప్పలేను.

సాయంత్రం ఊరు చూపిస్తుంటే దాలమ్మ గది కనబడింది. మేకల దొడ్డా అని అడిగాడు. కాదు, స్నానాల గది అన్నాను కాస్త గర్వంగా. వాడి మొహం ముడుచుకుపోయింది. నూటపన్నెండు ఇళ్లలో ఒక్కటీ లేదంటే వ్యాసం దద్దరిల్లిపోతుందట, ఒకటి ఉందంటే సున్నా దశాంశం ఎనిమిది తొమ్మిది శాతం అని రాసుకోవాలట, చదివేవాడికి పట్టుండదట. మనుషుల స్నానం వాడికి పట్టు కోసం!

ఆ సాయంత్రమే నరసింగరావు సూరయ్య అరుగు మీద కూర్చుని పెద్ద ఉపన్యాసం దంచాడు. ఈ కాగితాలు పైకి వెళతాయి, ఏ ఊళ్లో ఒక్క గదీ లేదో ఆ ఊరికి ప్రభుత్వం ముందుగా కట్టిస్తుంది అన్నాడు. వాడికలా ఎవరూ చెప్పలేదని తర్వాత నాకు తెలిసింది. అరుగు మీద పదిమంది నోళ్లు తెరుచుకుని వింటుంటే నాలుక ఆగలేదు, అంతే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు ఆరేళ్ల కిందట పెద్ద గాలివాన వచ్చి ఇళ్లు కూలిపోతే లెక్క రాయడానికి అధికారులొచ్చారట. పూర్తిగా కూలిన ఇళ్లకి వెదుళ్లూ తాటాకూ ఇచ్చారు. ఒక్క గోడ నిలబడి ఉన్నా ఏమీ ఇవ్వలేదు. అప్పట్నుంచీ ఇసకపేట మగాళ్లకి ఒక్కటే చదువు వంటబట్టింది. లెక్క రాసేవాడు వస్తే, నిలబడి ఉన్నది పడగొట్టేయాలి. ఏ లెక్క, ఎందుకు రాస్తున్నారు అని అడగరు. కాగితం చూడగానే చేతులు దురదపెడతాయి.

మర్నాడు తెల్లవారి ఆడవాళ్లు గంపలెత్తుకుని పోయారు. వాళ్లు ఊరు దాటేదాకా ఓపిక పట్టారు మగాళ్లు. ఆ తర్వాత పదిమంది కత్తులు పట్టుకుని దాలమ్మ ఇంటి వెనక చేరారు. సముద్రంలో సొరచేపకి ఎదురు నిలిచామని చెప్పుకునే వీరులు, ఒక విధవ మనిషి ఇంట్లో లేని వేళ చూసుకుని తాళ్లు కోశారు.

నేనప్పుడు సూరయ్య అరుగు మీద నరసింగరావు కాగితాలు నింపుతున్నాను. లక్ష్మీనరసమ్మ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. అరుగు కింద నిలబడి, వెళ్లి ఆపండి అంది. అది పెద్దవాళ్ల వ్యవహారం, ఇంటికి పో అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. తిరిగి ఆ గది దగ్గరికే పోయి ఒంటరిగా వాళ్లని తిట్టిందట. పంతులమ్మని తోసేయడానికి చేతులు రాక, ఆవిడ నిలబడిన వైపు వదిలేసి మిగతా మూడు వైపులా పీకారు. ఆవిడ గొంతు పోయి కూలబడ్డాక నాలుగోదీ పీకారు.

పట్నం బాబు వెళ్లిపోగానే మళ్లీ కట్టేద్దామని సూరయ్య అన్నాడు, అది నిజం. కానీ ఆ రోజు నరసింగరావుకి సూరయ్య ఇంట్లోనే విందు. పొయ్యిలోకి తెచ్చిన సరుగుడు పుల్లలు మంచుకి తడిసి పొగలు కక్కుతున్నాయి. పెరట్లో చూస్తే పొద్దున పీకి తెచ్చి ఎండలో పడేసిన, పెళపెళలాడుతున్న పడవ చెక్కలు, ఏళ్ల తరబడి చేపనూనె పట్టించినవి. గంగమ్మతల్లి ఒళ్లు అని గగ్గోలు పెట్టిన మనుషులే ఆ చెక్కల్ని గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టారు. వంజరం పులుసు చక్కగా ఉడికింది. నేనూ తిన్నాను.

విస్తళ్ల ముందు ఉండగా దాలమ్మ వచ్చింది. ఇంటికి పోయి చూసుకుని నేరుగా ఇటే వచ్చినట్టుంది, నెత్తిన గంప కూడా దించలేదు. చెంపల మీద పొలుసులు అంటుకుని ఉన్నాయి. పొయ్యి వైపు చూసింది. సగం కాలిన చెక్క, బెజ్జాలతో సహా, బయటికి పొడుచుకుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గంప దించి నరసింగరావు ఎదురుగా నిలబడింది.

"బాబూ, నీ కాయితంలో నా ఇంటికి ఏటి రాసినావు?"

వాడు తడబడి, గది లేదు కాబట్టి లేదని రాశామన్నాడు.

"పొద్దున నువ్వు పళ్లు తోముకున్నప్పుడు ఉన్నాది. నిన్న నువ్వు కళ్లారా సూసినావు. ఉండేది, ఈలు పీకేసినారు అని రాయి."

అలా రాయడానికి గడి లేదన్నాడు. కలదు, లేదు, రెండే గళ్లట. ఉన్నది రాయాలి గానీ ఉండేది రాయకూడదట. పైగా సాక్షి సంతకం కూడా అయిపోయిందని కాగితం తిప్పి చూపించాడు. దాలమ్మకి చదువు రాదు. కానీ ఆ సంతకం ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఊళ్లో సంతకం చేసే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి అప్పుడు పులుసులో ఉంది. ఆవిడ ఒకసారి నా చేతిని చూసి, గంపెత్తుకుని వెళ్లిపోయింది.

నరసింగరావు ఆ మధ్యాహ్నమే బండెక్కాడు. ఆ సాయంత్రం ఆడవాళ్లంతా చీకటి పడేదాకా కూర్చుని మళ్లీ చెలమల దారి పట్టారు. లక్ష్మీనరసమ్మ అన్నం పెట్టి, నీళ్లు పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లవారుజామున పడవలొచ్చాయి. ఆ రోజు గంగమ్మ కరుణించింది, కవళ్లు గుట్టలు గుట్టలుగా పడ్డాయి. ఆడవాళ్లు ఒడ్డుకు వచ్చారు గానీ గంపలు ఎత్తలేదు. బోర్లించి వాటి మీద కూర్చున్నారు. అరవై డెబ్బై మంది. సూరయ్య ఇదేమిటని గద్దించాడు.

దాలమ్మే మాట్లాడింది. "మాపిటేల తానం సేయమన్నారు గదా మావా. అయితే మేం మాపిటేలే ఎల్తాం. సీకటడ్డాక వస్తాం, వచ్చీగానే పోసుకుంటాం. అప్పుడు తేడా ఏటుంది."

సూరయ్య తిట్టాడు. మొగుళ్లు బతిమాలారు, కొందరు చెయ్యెత్తారు కూడా. ఒక్కతీ కదల్లేదు. మీరే ఎత్తుకుపొండి అని కూర్మమ్మ అంది. మగాడు నెత్తిన చేపల గంప పెట్టుకుని వీధుల్లో అరవడమా, పరువు పోదూ! ఎండబెడదామంటే ఆ పనీ వాళ్లకి రాదు, కడగడం, ఉప్పు పట్టించడం అన్నీ ఆడవాళ్ల చేతులే. మిట్టమధ్యాహ్నానికి ఒడ్డంతా కుళ్లిన కంపు. ఇళ్లల్లో కూర్చోలేక మగాళ్లు ముక్కులు మూసుకుని తిరిగారు. నాకు ఎంత సంతోషం వేసిందో! కంపు అంటే ఏమిటో తెలుసుకోనీ అనుకున్నాను. అనుకోవడం మాత్రమే, బయటికి అనలేదు.

రెండో రోజూ అంతే. సూరయ్య దిగొచ్చి, కొత్త తాటాకుతో మంచి దడి కట్టిస్తానన్నాడు. దాలమ్మ వద్దంది. తాటాకు ఏడాదికే చివికిపోతుంది, అప్పుడు మళ్లీ ఎవరి కాళ్లు పట్టుకోవాలి? సూరయ్య పాత పడవ ఒకటి మూడేళ్లుగా ఒడ్డున బోర్లించి ఉంది. సముద్రంలోకి దిగదు, కానీ రెండు పడవల ఆసామీ అనిపించుకోవడానికి దాన్ని అలా అట్టేపెట్టుకున్నాడు. ఆ చెక్కలు కావాలంది.

"నా మొగుడి పడవతో నువ్వు వంట సేసుకున్నావు మావా. నీ పడవతో నాను తానం సేసుకుంటాను."

ఆ రాత్రంతా మిగతా మగాళ్లే, చెక్కలిచ్చెయ్యమని సూరయ్య మీద పడ్డారట. మూడో రోజు పొద్దున్న ఆయన దగ్గరుండి తాళ్లు కోయించాడు. పీకిన పదిమందే కుట్టారు. ఈసారి గది కొంచెం పెద్దదైంది, ఇద్దరు పట్టేంత. దాలమ్మ పక్కనే నిలబడి, ఎక్కడ సందు కనబడితే అక్కడ వేలుపెట్టి మళ్లీ కుట్టించింది. ఆ మధ్యాహ్నం గంపలు దించగానే వరస మొదలైంది.

నెల తర్వాత నరసింగరావు దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. వ్యాసానికి మొదటి బహుమతి వచ్చిందట, నా సహకారానికి కృతజ్ఞతలట. వ్యాసం ప్రతి ఒకటి జత చేశాడు. ఇసకపేట ఎదురుగా, ఇళ్లు నూటపన్నెండు, స్నానపు గదులు శూన్యం అని ఉంది. కింద సాక్షిగా నా పేరు. ప్రభుత్వం వారి గదులు మాత్రం ఈనాటికీ రాలేదు.

ఆ నెల రోజులూ లక్ష్మీనరసమ్మ ఆ గది గుమ్మం తొక్కలేదు. దాలమ్మ రావద్దనలేదు, ఈవిడకే మొహం చెల్లలేదు. నా సంతకం ఆవిడ కాళ్లకి అడ్డం పడింది. మళ్లీ వంటింటి మూల, మళ్లీ బురద. ఆఖరికి నేనే సిగ్గు చంపుకుని, ఉత్తరం జేబులో పెట్టుకుని దాలమ్మ ఇంటికి పోయాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని గంప అంచు అల్లుకుంటోంది. తప్పయిపోయిందన్నాను. కాలేజీకి రాసి దిద్దిస్తానన్నాను. ఇద్దరికీ తెలుసు, నేను రాయనని. రాయలేదు కూడా.

ఆవిడ అల్లిక ఆపలేదు. కోపంగానూ లేదు. బడి ఎగ్గొట్టిన పిల్లవాడితో నేను మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మగారిని రేపట్నుంచి రమ్మనండి మేస్టరు బాబూ. భయం నేదని సెప్పండి. ఆ గది నేదని మీరే సంతకం సేసినారు గదా. నేని గదిలో మనిసి ఎవులికి అవుపడతాది?"

నేను ఇంటికి పోయి, దాలమ్మ రమ్మందని మాత్రమే నా భార్యకి చెప్పాను. మిగతాది చెప్పలేదు.